ఇకపై పెద్ద కోడలి పాత్రలో

కాదు వదినా, నువ్వే చెప్పు, మనిషిని అలా మార్చేస్తారా? నిన్నటిదాకా ఒక మొహం, ఇవాళ ఇంకో మొహం. అదే ఇల్లు, అవే మెట్లు, అదే మొగుడు. ఆ మొగుడైనా ఒకసారి కళ్ళు నులుముకున్నాడా అంటే అదీ లేదు. ఆవిడ చేతిలో కాఫీ కప్పు అందుకుని తలనొప్పి తగ్గిందా అని అడిగాడు. తగ్గదూ మరి, తలకాయే మారిపోతే.

టీవీలో బొమ్మ కింద ఒక పట్టీ వేశారు. చీమలబారులాంటి అక్షరాలు. ఇకపై పెద్ద కోడలి పాత్రలో ఫలానా అమ్మాయి అని. అది కూడబలుక్కుని చదివేలోపు సబ్బు ప్రకటన వచ్చేసింది. ఇన్నేళ్ళు మన కళ్ళముందు ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయిన మనిషికి చివరికి దక్కింది అంతే. ఒక చీమలబారు.

నవ్వకు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని నవ్వితే మింగేస్తావు. అప్పుడు ఈ స్టూలు మీంచి దూకి, సగం కుట్టిన గౌనుతోనే నిన్ను ఆస్పత్రికి మోసుకెళ్ళాలి. నువ్వు అంచు సంగతి చూడు, మాటల పని నాకొదిలెయ్. షాపు తెరిచిన రోజు నించీ మన పొత్తు అదేగా. చెయ్యి నీది, నోరు నాది.

కదలనులే. కదలకుండానే మాట్లాడతాను.

అమ్మ నీతో ఒక మాట చెప్పి రమ్మని నన్ను కిందికి పంపింది. చెప్తాను, ముందు ఇది కానీ. ఆ మాట ఎక్కడికీ పోదు. మెట్లు దిగుతున్నంతసేపూ చేపముల్లులా గొంతుకి అడ్డం పడే ఉంది. మింగలేను, కక్కలేను. అందుకే ఇందాకట్నించీ సీరియల్ ఎత్తుకుని దంచుతున్నాను. నీకూ అర్థమయ్యే ఉంటుంది. అమ్మ షట్టరు సగం దించి మాట్లాడమందంటే, అది సీరియల్ గురించి కాదని పసిపిల్లకైనా తెలుస్తుంది.

అయినా ఇది మొదటిసారా చెప్పు. తాతగారిని చంపేశారు. సరే, పెద్దాయన, ఒప్పుకున్నాం. డాక్టరుని బదిలీ చేశారు. డాక్టర్లన్నాక బదిలీలు తప్పవు, అదీ సర్దుకున్నాం. చిన్నబ్బాయి మాటేమిటి? ఫైలు తెస్తానని మేడమీదికి వెళ్ళాడు. ఇప్పటిదాకా దిగలేదు. అంతమంది కూర్చుని భోజనాలు చేస్తారు, ఒక్కరంటే ఒక్కరు వాడేడీ అని అడగరు. కన్నతల్లి కూడా. నేనే అప్పుడప్పుడూ అనుకుంటాను, పాపం వాడు పైన ఏం తింటున్నాడో అని.

ఎవరు వెళ్ళిపోతారో ముందే చెప్పేదాన్ని, గుర్తుందిగా. అదొక విద్య. బ్లౌజు కొలతకి వచ్చినవాళ్ళు, ప్యాంటు పొట్టి చేయించుకోడానికి వచ్చినవాళ్ళు, పని అయ్యాక కూడా నిలబడి నన్ను అడిగి వెళ్ళేవాళ్ళు. ఆ స్కూలు టీచరైతే పరీక్ష ఫలితాలు చూసుకున్నట్టు అడిగేది.

లెక్క చాలా తేలిక. ముందు మాటలు తగ్గుతాయి. అందరూ అరుచుకుంటుంటే ఆ ఒక్కరూ కిటికీ దగ్గర నిలబడతారు. తర్వాత కెమెరా వాళ్ళ వీపు వైపుకి మారుతుంది. ఆ తర్వాత ఉన్నట్టుండి మంచితనం ముంచుకొస్తుంది. పగవాళ్ళని క్షమించేస్తారు. తోడికోడలికి వంట నేర్పుతారు. బీరువా తాళాలు తీసి ఎవరి చేతిలోనో పెడతారు. తాళాలు చేతులు మారాయా, మనిషి గల్లంతే.

పదింటికి తొమ్మిది సరిగ్గా చెప్పాను. తప్పింది ఒక్కటి, ఈ పెద్ద కోడలు. ఎందుకు తప్పిందంటే ఆవిడ విషయంలో నేను అసలు లెక్కే వెయ్యలేదు. మనం ఆనుకుని కూర్చున్న గోడ నిలుస్తుందా, పడుతుందా అని రోజూ ఎవరు లెక్కేస్తారు?

నీకు చెప్పలేదు కానీ, ఛానల్ వాళ్ళకి ఫోన్ చేశాను. నిజం. వాళ్ళ నంబరు వెతికి మరీ చేశాను. ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటూ కాసేపు పాట పెట్టారు. చివరికి ఒకమ్మాయి ఎత్తింది. ఏకరువు పెట్టాను. ఆవిడ నడక గురించి, ఆవిడ గరిట పట్టుకునే తీరు గురించి, చిన్నత్తని ఎదిరించి మాట్లాడేముందు గాజులు వెనక్కి నెట్టుకోవడం గురించి. ఇలాంటి మనిషిని తీసేస్తే చూసేవాళ్ళ గతేం కావాలని అడిగాను. ఆ అమ్మాయి ఓపిగ్గా వింది. నోట్ చేసుకున్నామండీ అంది. ఏం నోట్ చేసుకున్నావో చదవమ్మా అన్నాను. మీ ఇంట్లో బొమ్మ సరిగా రావట్లేదు అని చదివింది.

సూదులు, వదినా. సూదులు చూసుకో.

అంతటితో ఊరుకున్నానా. షాపులో ఉద్యమం లేవదీశాను. నువ్వప్పుడు ఆ మూల కూర్చుని కాజాలు కుడుతూ అన్నీ చూస్తూనే ఉన్నావు. ఆ కొత్తావిడ ఉన్నంతకాలం సీరియల్ చూడకూడదని వచ్చినవాళ్ళందరి చేతా మాట తీసుకున్నాను. కోటుకి లైనింగు వేయగా మిగిలిన నల్లగుడ్డ తెచ్చి టీవీకి ముసుగేశాను. సంతాపం అన్నమాట. నువ్వేమో ఆ గుడ్డ అంచులు పీచులు లేస్తున్నాయని దాన్ని తీసుకెళ్ళి చుట్టూ మడిచి కుట్టి మళ్ళీ తెచ్చి కప్పావు. ఊళ్ళో ఇంకెవరి సంతాపానికీ అంత చక్కని కుట్టు ఉండదు.

మర్నాడే టీచరు వచ్చి మొత్తం కథ చెప్పింది. చూడనని మాటిచ్చారు కదండీ అంటే, ఎంత ఘోరంగా చేస్తోందో తెలుసుకోవద్దా అంది. బేకరీ ఆయన భార్య అదే మాట. మందుల షాపావిడ అయితే రెండుసార్లు చూసిందట, ఒకసారి కోపంగా, ఒకసారి మామూలుగా.

నా మాటా? సరే, ఎలాగూ పరువు అలమారలోంచి తీసి బయట పడేశాను కాబట్టి అదీ చెప్తాను. ట్రయల్ రూము తెర వెనక నిలబడి ఫోన్లో చూశాను. సౌండ్ తీసేసి. సౌండ్ లేకుండా చూస్తే చూసినట్టు కాదని నా సిద్ధాంతం.

మొదట్లో బాగానే తిట్టుకున్నాను. నడక బాలేదు, మెడ పొడుగు, చీపురు పట్టుకోవడం చేతకాదు. ఒకరోజు చిన్నత్త అందరి ముందూ ఆవిడని కడిగిపారేసింది. పాతావిడ అయితే స్తంభానికి చేరగిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. ఈవిడ ఏడవలేదు వదినా. అందరూ వెళ్ళిపోయాక చిన్నత్త తాగి వదిలేసిన గ్లాసు తీసుకెళ్ళి కడిగి, బోర్లించి, తడి చేతులు ఎక్కడ తుడుచుకోవాలో తెలీక కాసేపు గాల్లో అలా పట్టుకుని నిలబడింది. ఆ ఇంట్లో తువ్వాలు ఎక్కడుంటుందో ఆవిడకి తెలీదు. కొత్త కదా.

నాకు ఏడుపొచ్చేసింది. చేతికి అందిన కోటుకి ముక్కు తుడుచుకున్నాను. ఎవరి కోటో అడక్కు. ఉతికే ఇచ్చాను.

అదీ నా నిలకడ. పాలపాకెట్టు కూడా ఇంతకంటే ఎక్కువ సేపు విరగకుండా ఉంటుంది.

సరే. ఎంతసేపని వాళ్ళ కొంప గురించి మాట్లాడతాను, మన కొంప ఇక్కడ పెట్టుకుని.

ఈ గౌను వేసుకుని నేనెక్కడికి వెళ్తున్నానో తెలిసే కుడుతున్నావు. నీకు మొగుడుగా ఉండి మానేసినవాడి పెళ్ళికి. బయట ఎక్కడైనా కుట్టించుకుంటానని చెప్పానా లేదా? నువ్వు ఒప్పుకోలేదు. భుజం దగ్గర ముడత వేసేస్తారు, అంతమందిలో మన షాపు పేరు పోతుంది అన్నావు. నేనేమో పెళ్ళికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలా అని చస్తుంటే, నీకు నా భుజం దిగులు.

నవ్వడం కాదు, నిజంగానే అడుగుతున్నాను. నీకేమీ అనిపించదా?

ఊఁ. ఆ తల ఊపుడు నాకు ఇన్నేళ్ళయినా అర్థం కాదు. అవుననీ కాదు, కాదనీ కాదు.

విడాకుల కాగితాల్లో అన్నయ్య నీకేమీ కాడని రాశారు. నేనేమవుతానో రాయలేదు. అంత పెద్ద కోర్టులో ఒక్కరికీ ఆ అనుమానం రాలేదు. నువ్వు మేడ దిగి రెండు వీధుల అవతల గది తీసుకున్నావు. మర్నాడు పొద్దున్న షట్టరు ఎత్తేసరికి బయట నిలబడి ఉన్నావు, కత్తెర సంచిలో పెట్టుకుని. నేను వదినా అన్నాను. నువ్వు ఆఁ అన్నావు. అంతే కదా, ఇంకేం మాట్లాడుకున్నాం మనం దాని గురించి? అన్నయ్య ఉద్యోగమని వేరే ఊరు పోయాడు. అన్నయ్య వెళ్ళిపోయినా వదిన మిగిలింది నాకు. లాభమే అనుకున్నాను.

ఇప్పుడు అన్నయ్య తిరిగొస్తున్నాడు. ఆవిడతో. మేడమీదే ఉంటారట.

అదే వదినా. అమ్మ మాట అదే. ఇంకా పూర్తిగా చెప్పమంటావా? చెప్తాను. నువ్వు నా వంక చూడకు, అంచు వంక చూడు.

అమ్మ ఉల్లిపాయలు తరుగుతూ చెప్పింది. కళ్ళు తుడుచుకుంటోంది, నెపం ఉల్లిపాయల మీద పెట్టింది. "కొత్త కోడలు మేడమీద, పాత కోడలు మేడకింద. వచ్చేపోయేవాళ్ళు మెట్ల దగ్గర నిలబడి ఎటు చూడాలే?" అంది. నీ మీద కోపం కాదు. నీ చేతి కుట్టు కాకపోతే అమ్మకి జాకెట్టే పట్టదు, ఆ సంగతి అమ్మకీ తెలుసు. వచ్చే పిల్ల ఏమనుకుంటుందో అని భయం. నువ్వు వేరే చోటు చూసుకోవాలన్న మాట పెళ్ళిలోపు నీ చెవిన వెయ్యమంది. నాకైతే చెప్పడం తేలికట. నువ్వూ నేనూ ఒకటి కదా, అందుకని.

నేనేమన్నానో అడగవేం?

ఏం అనాలో మాత్రం చాలా బాగా తయారు చేసుకున్నాను. లెక్కలతో సహా. అమ్మా, మన షాపుకి పదిమంది వస్తే ఏడుగురు వదిన వేసే కాలరు కోసం వస్తారు, ఇద్దరు దగ్గర కదా అని వస్తారు, ఒక్కరు నా కబుర్ల కోసం. ఆ ఒక్కరు టీచరు, ఆవిడా కుట్టించుకోదు. వదిన వెళ్తే ఏడుగురు వెళ్తారు, ఏడుగురు వెళ్తే షాపు వెళ్తుంది, షాపు వెళ్తే నేనూ వెళ్తాను. కూర్చుని ఆలోచించుకో. ఇదీ నా ఉపన్యాసం. చివర్లో గరిట బల్ల మీద కొట్టి బయటికి నడవాలని కూడా అనుకున్నాను. గరిట చేతిలోకి తీసుకున్నాను కూడా.

నోరు తెరిచాను. నోరేమో, సరేనమ్మా అంది.

గరిట కడిగి దాని చోట పెట్టేసి వచ్చాను.

ఏంటి, నోట్లోంచి సూదులు తీసేశావు? ఇంకా వెనక వైపు కాలేదుగా. తిడతావా? తిట్టు. నిలబడే ఉన్నాను, కదలను కూడా. ఏ వైపు చేతికి అందితే ఆ వైపు ఒక్కటి వెయ్యి.

ఏంటీ?

మళ్ళీ చెప్పు.

వేరే షాపు తీసుకున్నావా? ఎక్కడ, మార్కెట్ వెనకా? ఆ తాళాలు బాగుచేసే ఆయన పక్కన, అద్దాల తలుపు ఉన్నదా? అది ఖాళీగా లేదే. ఓహో, ఖాళీ చేయించావా. అక్కడ కొత్త మిషను కూడా దించేశావా? ఎప్పుడు? నేను దారాలు కొనడానికి వెళ్ళినప్పుడా?

అమ్మ నీకు ముందే చెప్పిందా? చెప్పలేదా. మరి ఎలా తెలిసింది?

పెళ్ళి ఖాయమైందని విన్న రోజే.

ఆ రోజు నువ్వేం చేశావో నాకు బాగా గుర్తుంది. ఏమీ చేయలేదు. బాబిన్ మార్చి మళ్ళీ కుట్టడం మొదలుపెట్టావు.

ఆగు. కాస్త నన్ను ఈ స్టూలు దిగనీ. కాళ్ళు పట్టేశాయి. పర్వాలేదు, గౌను తొక్కనులే.

అంటే ఆ కాలరు... పొద్దుటే వచ్చి నా చెయ్యి పట్టుకుని మరీ కాలరు వెయ్యడం నేర్పావే, ఎన్నిసార్లు చెడినా విసుక్కోకుండా. నీకు ఓపిక పెరిగింది అనుకున్నాను. కొత్త కోట్లు ఒప్పుకోకుండా పాతవే ఒక్కొక్కటీ పూర్తి చేస్తుంటే, అలసిపోయావనుకున్నాను. మొన్న అలమారా తాళం తెచ్చి నా చేతిలో పెట్టావు. వదినా, అప్పుడు నేనేం చేశానో చూశావుగా. నన్ను నమ్మి ఇంత బాధ్యత ఇచ్చావని పొంగిపోయి కేకు కొనుక్కొచ్చాను. నువ్వు తిన్నావు కూడా. ఎలా తిన్నావు?

ఊరందరికీ ఎవరు వెళ్ళిపోతారో చెప్పే ఘనురాలిని. బోర్డు కట్టుకుని కూర్చోవాలి నేను.

లేదు, ఏడవట్లేదు. ఏడిస్తే ఈ గుడ్డ మీద మరకలు పడతాయని నువ్వే అంటావు.

ఎందుకు చెప్పలేదు మరి? చెప్తే ఏం చేసేదాన్నో తెలుసు కాబట్టా? నువ్వన్నదీ నిజమే. గోల చేసేదాన్ని. అమ్మతో దెబ్బలాడేదాన్ని. అదే, దెబ్బలాడతానని నీకు చెప్పి, అక్కడికి వెళ్ళి సరేనమ్మా అనేదాన్ని. నువ్వు నాకు ఆ సిగ్గు కూడా లేకుండా చేద్దామనుకున్నావు. చివరికి చెప్పే పని అమ్మ నాకు పెట్టింది కాబట్టి అదీ కుదర్లేదు.

దూరమేం కాదు, నాకు తెలుసు. నడిస్తే ఎంతసేపని. మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని రమ్మంటావు, ఇద్దరం కలిసి తిందామంటావు. ఏడుగురూ అక్కడికే వస్తారు, కోట్లు ఎక్కువైతే నాకు పంపుతావు. అన్నీ ఆలోచించే పెట్టావు, నాకు తెలుసు నీ సంగతి.

వస్తానని మాటివ్వమంటున్నావు. ఇవ్వను వదినా. ఇవ్వకపోవడం కోపంతో కాదు. నాకు భయం ఆ దూరమంటే కాదు. నేనంటే.

నిన్న ఆవిడ ఫోన్ చేసింది. ఆవిడే, కొత్తావిడ. నేను చేయలేదు, తనే చేసింది. పెళ్ళికి ఏ రంగు వేసుకుంటున్నానని అడిగింది, తన పువ్వులతో కలవాలట. ముక్తసరిగా మాట్లాడి పెట్టేద్దామనుకున్నాను. ఆ ఇంట్లో గ్యాసు పొయ్యి వెలగడానికి ఏదో కిటుకు ఉందటగా, మీ అన్నయ్య సరిగా చెప్పట్లేదు, మీరు చెప్తారా అని అడిగింది. వచ్చిన మొదటిరోజే అత్తగారి ముందు పొయ్యి వెలిగించలేక నిలబడతానేమోనని నిద్ర పట్టట్లేదట. నవ్వుతూనే చెప్పింది.

చెడ్డదైతే ఎంత హాయిగా ఉండేది. ఆ చిన్నత్తలా కళ్ళు తిప్పి, ఒక పుల్లవిరుపు మాట అని ఉంటే, జన్మంతా పగబట్టి, రోజూ నీ దగ్గరికొచ్చి ఆవిడ మీద చాడీలు చెప్పుకుని బతికేదాన్ని. ఆ అదృష్టం కూడా లేకుండా పోయింది. మంచిది. భయస్తురాలు. పొయ్యి కిటుకు అడిగింది.

చెప్పాను. మీట కొంచెం లోపలికి నొక్కి, అర తిప్పు తిప్పి, ఒక్క క్షణం ఆగి అగ్గిపుల్ల పెట్టాలి అని. నాకది నేర్పింది నువ్వు.

ఫోన్ పెట్టేసే ముందు, ఉంటాను వదినా అన్నాను.

అవును. అన్నాను. ఎవరూ అనమని చెప్పలేదు. అమ్మ పక్కన లేదు, అన్నయ్య పక్కన లేడు. దానంతటదే వచ్చింది. నాలుక కరుచుకున్నాను. కానీ నిజం చెప్తున్నాను నీకు, గట్టిగా కరుచుకోలేదు.

అందుకే మాటివ్వను. మొదట రోజూ వస్తాను. డబ్బా పట్టుకుని, పరుగెత్తుకుంటూ. తర్వాత వర్షమంటాను. తర్వాత పనంటాను. మేడమీద ఆవిడ పిలిచింది, కాసేపు కూర్చోకపోతే బాగోదంటాను. అలా అలా ఒకరోజు ఎవరో నీ గురించి అడిగితే, అదేంటో, ఈ మధ్య కలవడమే కుదరట్లేదండీ అంటాను. అప్పుడు నా మొహంలో బాధ కూడా ఉంటుంది. చాలా సహజంగా ఉంటుంది.

నన్ను మంచిదాన్ని అనకు. చెడ్డదాన్నీ కాను, అంత చేవ లేదు. నేను టీవీ ముందు కూర్చుని చూసేదాన్ని, అంతే. ఎవరైనా వెళ్ళిపోతే నాలుగు రోజులు ఇల్లు పీకి పందిరేస్తాను, కనబడినవాళ్ళందరికీ చెప్పుకుని ఏడుస్తాను. ఆ తర్వాత వాళ్ళ చోట ఎవరొచ్చి నిలబడితే వాళ్ళని చూస్తాను.

ఏం చెయ్యను వదినా. ఆ వేళకి అక్కడ కూర్చోవడం అలవాటైపోయింది.